సొరుగులో కార్డు

మంగళవారం, సాయంత్రం నాలుగు కావస్తోంది. 1897 మే నెల, నాలుగో తారీఖు. పారిస్‌లో సేన్ నదికి కాస్త ఇవతల, జాన్ గుజోన్ వీధిలో గుర్రపు బగ్గీలు బారులు తీరి ఆగి ఉన్నాయి. బండ్లు తోలేవాళ్లు నీడ చూసుకుని కబుర్లలో పడ్డారు. వాళ్ల దొరసానులంతా లోపల ఉన్నారు. రండి, మనమూ లోపలికి వెళ్దాం.

ఇది దానధర్మాల సంత. ‘బజార్ ద ల షారితే’ అంటారు. పన్నెండేళ్లుగా ఏటా జరుగుతోంది. పెద్దింటి ఆడవాళ్లు స్వయంగా అంగట్లో నిలబడి అల్లికలూ బొమ్మలూ పుస్తకాలూ అమ్ముతారు. వచ్చిన డబ్బు అనాథలకూ రోగులకూ పోతుంది. ఈ ఏడు ఖాళీ స్థలంలో చెక్కతో పెద్ద షెడ్డు లేపారు. పొడవు 80 మీటర్లు, వెడల్పు 13. గుమ్మం దాటగానే వందల ఏళ్ల కిందటి పారిస్ వీధిలోకి వచ్చినట్టుంటుంది. అటూ ఇటూ పాతకాలపు దుకాణాలు, వాటి మీద బోర్డులు, గోడల మీద తీగలు. దగ్గరికెళ్లి తాకితే అంతా అట్ట, గుడ్డ, పెయింటు. తలెత్తి చూడండి. పెళ్లి పందిట్లో షామియానా కట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డ పరిచారు. దానికి తారు పూశారు.

లోపల వెయ్యి మందికి పైనే ఉన్నారు. ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు. నేల జీరాడే గౌన్లు, ఈకల టోపీలు, లేసు చేతులు. ఒక మూల పిల్లలు క్యూ కట్టి నిలబడ్డారు. అక్కడ సినిమా ఆడుతోంది. సినిమా పుట్టి అప్పటికి ఏడాదిన్నర కూడా కాలేదు. తెర మీద బొమ్మ కదలడం చూడాలంటే పిల్లలకేమిటి, పెద్దలకీ ముచ్చటే.

ఆ యంత్రానికి కరెంటు లేదు. దీపం ఈథర్‌తో వెలుగుతుంది. పెట్రోలు కన్నా తొందరగా ఆవిరయ్యే సరుకు ఈథర్. నాలుగుంబావు దాటాక దీపంలో ఈథర్ అయిపోయింది. తెర వెనక చీకటి గదిలో ఆపరేటర్ మళ్లీ నింపుతున్నాడు. కనపడటం లేదు, కాస్త వెలుతురు కావాలన్నాడు. పక్కనున్న కుర్రాడు అగ్గిపుల్ల గీశాడు.

తర్వాత జరిగింది పావుగంట. నిప్పు ముందు పైకి ఎగబాకింది. తారు గుడ్డ అంటుకుని షెడ్డు పొడుగునా పరుగెత్తింది. తారు కరిగి చుక్కలు చుక్కలుగా టోపీల మీద, భుజాల మీద, జుట్టు మీద పడింది. వీధివైపు ద్వారాల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడిపోయారు. గౌను అంచు తొక్కుకుంటే లేవడం కుదరదు. కొందరు వెనకవైపు ఖాళీ జాగాలోకి పరుగెత్తారు. అది నాలుగువైపులా గోడలున్న జాగా. ఒక గోడకు పక్క హోటలు వంటగది కిటికీ ఉంది, కిటికీకి ఇనుప ఊచలున్నాయి. హోటలు వంటవాళ్లు ఆ ఊచలు పగలగొట్టి పదుల మందిని లోపలికి లాక్కున్నారు. బగ్గీలు తోలేవాళ్లు తమ దొరసానుల కోసం నిప్పుల్లోకి దూకారు. నాకు ఆ సాయంత్రం తలచుకున్నప్పుడల్లా వాళ్లే ముందు గుర్తొస్తారు.

ఒక అంగడి దగ్గర యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉంది. పేరు సోఫీ షార్లోత్, అలాన్సోన్ ప్రభువు భార్య. ఆస్ట్రియా మహారాణి ఎలిజబెత్‌కు స్వయానా చెల్లెలు. ముందు సంతకు వచ్చినవాళ్లని బయటికి పంపండి, తన సంగతి తర్వాత అని పట్టుబట్టిందని, బతికి బయటపడినవాళ్లు చెప్పారు. ఆమె బయటికి రాలేదు.

చనిపోయినవాళ్లు 126 మంది.

చీకటి పడింది. షాంజెలిజే పక్కన పరిశ్రమల భవనం ఉంది. 1855 ఎగ్జిబిషన్ కోసం కట్టిన ఆ భవనాన్ని ఇప్పుడు కూల్చేస్తున్నారు, ఆ చోట కొత్తది లేపడానికి. సగం పడగొట్టిన ఆ హాల్లోకి శవాలను చేర్చారు. బల్లచెక్కలు పరిచి, వాటి మీద దుప్పట్లు వేసి, వరసగా పడుకోబెట్టారు. లాంతర్లు పట్టుకుని బంధువులు వరసల మధ్య నడుస్తున్నారు.

ఈ హాల్లో కాసేపు ఆగక తప్పదు. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. కానీ ఇక్కడ నిలబడకపోతే మిగతాదంతా గాలిమాటే అవుతుంది.

మనిషిని మనం ఎలా గుర్తుపడతాం? ముఖం చూసి. ముఖం లేదు. నడక చూసి, గొంతు విని. అవీ లేవు. కట్టుకున్న బట్ట చూసి. బట్ట బూడిదైంది. చేతి ఉంగరం, మెళ్లో గొలుసు, కాలి చెప్పు ముక్క. ఒకాయన లాంతరు కిందికి దించి ఒక చెయ్యి చూస్తాడు, ఉంగరం తుడుస్తాడు, లేచి పక్క శవం దగ్గరికి వెళ్తాడు. ఉంగరం ఉన్నవాళ్ల సంగతి తేలుతోంది. పొద్దున ఏ రంగు మేజోళ్లు వేసుకుందో, ఏ దుకాణంలో చెప్పులు కొన్నదో దాసీలను అడుగుతున్నారు. దొరికిన ముక్కలతో పోల్చుకుంటూ ఒక్కొక్కరినే తీసుకెళ్తున్నారు. తొందరలో తప్పు శవాన్ని తీసుకెళ్తే? అప్పుడు రెండిళ్లకు అన్యాయం. ఒక ఇంటివాళ్లు పరాయివాళ్లను పూడ్చుకుంటారు, ఇంకో ఇంటివాళ్లకు పూడ్చుకోవడానికి ఎవరూ మిగలరు.

అలాన్సోన్ దొరసానిని ఆమె సొంత పరిచారిక కూడా పోల్చుకోలేకపోయింది. రోజూ తల దువ్విన మనిషి, బట్టలు కట్టిన మనిషి. వరసల వెంట తిరిగి తిరిగి, తెలియడం లేదంది.

అప్పుడు ఎవరికో ఆమె పళ్ల డాక్టరు గుర్తొచ్చాడు.

ఆయన పేరు ఐజాక్ డావెన్‌పోర్ట్. అమెరికా నుంచి వచ్చి పారిస్‌లో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో యూరప్ గొప్పింటివాళ్లకు అమెరికా పళ్ల డాక్టర్లంటే గురి. బంగారం రేకుని పొరలు పొరలుగా దట్టించి పిప్పి పన్ను పూడ్చడంలో వాళ్లది అందె వేసిన చెయ్యి. డావెన్‌పోర్ట్‌కు ఆ పనితనంతో పాటు ఇంకో అలవాటుంది. తాను చేసిన ప్రతి పనినీ రాసుకునేవాడు. ఏ పన్ను, ఏ వైపు, ఎంత పూడ్చాడు, ఏది లేదు, అన్నీ.

కబురందాక ఆయన ఆ కాగితాలతో హాల్లోకి వచ్చాడు. శవాల వరసల్లో ఒక్కో నోరూ చూసుకుంటూ వెళ్లాడు. అప్పటికి ఎక్స్‌రే కనిపెట్టి ఏడాదిన్నరే, పళ్ల డాక్టర్లలో చాలామంది దాకా అది ఇంకా రాలేదు. ఆయన దగ్గరున్నవి కళ్లూ, కాగితాలూ. ఒక నోటి దగ్గర ఆగాడు. కాగితంలో ఉన్నవన్నీ అక్కడున్నాయి. బంగారం పూడ్చిన చోట బంగారం ఉంది, తన చేతిపని తనకు తెలిసింది. ఈమే అన్నాడు.

దొరసాని నోట్లో ఏ పంటికి ఏం చేసిందీ దాసీకి తెలియదు. భర్తకూ తెలిసి ఉండదు. అక్కకీ తెలియదు. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి డాక్టరు. ఆయనకైనా జ్ఞాపకం మీద అంత వివరం నిలవదు. రాసుకున్నాడు కాబట్టి తెలుసు.

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఎముక అనుకుంటాం. కాదు, పంటి మీది ఎనామిల్. దాని బరువులో 96 శాతం ఖనిజమే. పైగా పళ్లు దాక్కుని ఉంటాయి. పెదవులూ బుగ్గలూ నాలుకా తమ తడితో వాటికి కాపు కాస్తాయి. మంట ముందు పళ్లను పట్టుకున్నా, వెనక దవడ పళ్ల దగ్గరికి ఆలస్యంగా చేరుతుంది. వేడి పెరిగేకొద్దీ పన్ను నల్లబడుతుంది, తర్వాత బూడిద రంగు, ఆ తర్వాత సుద్దముక్కలా తెల్లగా, పెళుసుగా అయిపోతుంది. అప్పుడు మొరటు చెయ్యి తగిలితే పొడైపోతుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు శవాన్ని కదిలించే ముందే నోరు చూడాలంటారు. బంగారం కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. దొరసాని పంట్లో బంగారం నిలిచింది అందుకే.

ఇక ఏ ఇద్దరి నోళ్లూ ఒక్కలా ఎందుకుండవు? పెద్దవాళ్లకు 32 పళ్లు. ఒక్కో పంటికీ లెక్కకు అయిదు ముఖాలు: బుగ్గ వైపు, నాలుక వైపు, అటు పన్ను వైపు, ఇటు పన్ను వైపు, నమిలే వైపు. పిప్పి పట్టడం, సిమెంటు పెట్టించుకోవడం, పీకించుకోవడం, క్యాపు వేయించుకోవడం, చిన్నప్పుడు కిందపడి ముందు పన్ను చివర విరగడం, జ్ఞానదంతం అడ్డంగా రావడం, ఇవన్నీ ఆ ముఖాల మీద నమోదవుతూ పోతాయి. నలభై ఏళ్లు వచ్చేసరికి నోరు చేతివేలి ముద్ర లాగా అయిపోతుంది. ఇక ఎక్స్‌రేలో వేరు వంకర, సిమెంటు అంచుల గీత కూడా కనపడతాయి. ఒక్క పన్ను చాలు కొన్నిసార్లు.

పోల్చడంలో ఒక న్యాయం ఉంది, తర్కం చదువుకున్నవాళ్లకు నచ్చుతుంది. కార్డులో ఉన్న పన్ను శవం నోట్లో లేదనుకోండి. కంగారు లేదు, కార్డు రాశాక పీకించుకుని ఉండొచ్చు. కార్డులో పీకేసినట్టు రాసిన పన్ను శవం నోట్లో నిక్షేపంగా ఉందనుకోండి. ఆ మనిషి కాదు. ఊడిన పన్ను మళ్లీ మొలవదు కదా. సిమెంటు పెట్టిన పన్ను మళ్లీ కొత్తది కాదు కదా. నోట్లో కాలం ఒకే దిక్కుకు నడుస్తుంది. ఆ దిక్కు తెలిస్తే, పదేళ్ల కిందటి కార్డైనా సాక్ష్యం చెబుతుంది.

(పంటిగాట్ల సంగతి పూర్తిగా వేరు. చర్మం మీద గాటు చూసి ఫలానావాడి పళ్లే అని చెప్పడం నమ్మదగ్గ పని కాదని అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. అలాంటి సాక్ష్యం మీద జైలుకెళ్లినవాళ్లు నిర్దోషులుగా బయటికొచ్చారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.)

మళ్లీ హాల్లోకి వద్దాం. దొరసాని ఆచూకీ తెలిసింది. ఇంకా దాదాపు ముప్ఫై మంది మిగిలారు. ఉంగరం లేదు, బట్ట లేదు, ఎవరూ ఔననలేని శవాలు. బంధువులు కూలబడి ఉన్నారు. ఆ సమయంలో ముందుకొచ్చినవాడు డాక్టరు కాదు, పోలీసూ కాదు. పరాగ్వే దేశపు కాన్సల్. ఒక్క దొరసానికేనా, మిగిలినవాళ్లకూ పళ్ల డాక్టర్లున్నారు కదా, వాళ్లందర్నీ పిలిపిద్దాం అన్నాడు. పిలిపించారు. ఊళ్లో డాక్టర్లు తమ పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చారు. ఒక్కో శవానికీ పేరు రావడం మొదలైంది.

ఇదంతా మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం మరొకాయన, ఆస్కార్ అమొయెదో. క్యూబాలో మతాన్జాస్‌లో పుట్టాడు. 1889లో ఒక మహాసభకు పారిస్ వచ్చి అక్కడే ఉండిపోయాడు, దంతవైద్య కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. ఆ హాల్లో గుర్తింపు పని ఆయన చెయ్యలేదు. చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాడు. ఆగస్టులో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో చదివాడు. మరుసటి ఏడు, 1898లో, న్యాయవైద్యంలో దంతవైద్యం గురించి లావుపాటి పుస్తకం వేశాడు. ఈ శాస్త్రానికి తండ్రి అని ఆయన్నే అంటారు. పరాగ్వే కాన్సల్ చేసిన ఆలోచనని మాత్రం ఆయన తన ఖాతాలో వేసుకోలేదు, ఆ కాన్సల్‌దే అని రాశాడు. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అమొయెదోకి ఒక బెంగ ఉండేది. డాక్టర్లందరూ రాస్తున్నారు, సరే. ఒకరు రాసింది ఇంకొకరికి అర్థమవుతుందా? ఒకే రకం పటం, ఒకే రకం గుర్తులు అన్ని దేశాల్లోనూ ఉండాలని అడిగాడు. ఆ బెంగ ఎంత సబబో చూడండి. మీ నాలుకను కిందిదవడలో ఎడమ పక్కకు పోనివ్వండి. కోరపన్ను దాటి, రెండు చిన్న దవడ పళ్లు దాటి, మొదటి పెద్ద దవడ పన్ను తగులుతుంది. ఆరేళ్లప్పుడు వచ్చిన పన్ను అది. ఎక్కువమందికి మొదట పిప్పి పట్టేది కూడా అదే. మన డాక్టర్లు దాన్ని 36 అంటారు. అమెరికాలో దాని నంబరు 19. పాత పద్ధతిలో ప్లస్ గుర్తులా గీసి, కుడి కింది గడిలో 6 వేసేవారు. డాక్టరు ఎదురుగా కూర్చుంటాడు గనక పేషెంటు ఎడమ ఆయనకు కుడి. ఒక్క పంటికి మూడు పేర్లు. ఒక దేశంలో పోయిన మనిషి కార్డు ఇంకో దేశం నుంచి వస్తే, నంబరు ఒక్కటి తప్పు చదివినా మనిషి మారిపోతాడు. రెండంకెల పద్ధతిని 1970లో ఖరారు చేశారు. ముందు అంకె నోట్లో ఏ పావు భాగమో చెబుతుంది, రెండో అంకె మధ్య నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. చిన్నపిల్లకు చెప్పినా రెండు నిమిషాల్లో పట్టేస్తుంది.

ఇప్పుడు ఇంకో చోటికి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాతి రోజులు. థాయిలాండ్‌లో తకువా పా దగ్గర వాట్ యాన్ యావ్ అనే బౌద్ధాలయం. ఆవరణ నిండా శవాలు, మధ్య మధ్య డ్రై ఐస్ పొగ. ఎండకి, ఉప్పునీటికి ముఖాలన్నీ ఒక్కలా ఉబ్బిపోయాయి, ఏ దేశంవాళ్లో కూడా తెలియడం లేదు. థాయిలాండ్‌లో పోయినవాళ్లు దాదాపు 5,400 మంది, అందులో సగానికి దగ్గరగా విదేశీయులు. తెల్ల సూట్లు తొడుక్కున్న డాక్టర్లు ఇద్దరిద్దరుగా పని చేస్తున్నారు. ఒకరు నోరు చూసి నంబర్లు చెబుతారు, ఒకరు రాస్తారు. చూసినవాళ్లే రాస్తే తప్పులు దొర్లుతాయి. రాసే కాగితం గులాబీ రంగుది. ఇంటర్‌పోల్ పద్ధతిలో శవం వివరాలకు గులాబీ, బతికున్నప్పటి వివరాలకు పసుపు. రెండు కాగితాలూ కలిసిన రోజున ఒక మనిషి ఇంటికెళ్తాడు.

ఆ సునామీలో స్వీడన్‌వాళ్లు 543 మంది పోయారు. చిన్నప్పటి నుంచీ వాళ్ల పళ్ల లెక్కలు భద్రంగా ఉన్నాయి కాబట్టి పసుపు కాగితాలు తొందరగా వచ్చాయి. మొదటి నెలల్లో పేరు దొరికినవాళ్లలో ఎక్కువ మందికి పళ్ల వల్లే దొరికింది. అదే ఒడ్డున చేపలు పట్టుకునే థాయి మనిషికి, కూలికొచ్చిన బర్మా మనిషికి పసుపు కాగితంలో రాయడానికి ఏమీ లేదు. ఏళ్లు గడిచినా వందల మంది పేరు లేకుండా మట్టిలోనే ఉండిపోయారు. ఒకే అలకు కొట్టుకుపోయారు, ఒకే ఇసుకలో దొరికారు. తేడా అంతా ఒక కార్డు.

అది దూరదేశం సంగతిలే అనుకోవడానికి వీల్లేదు. 2013 అక్టోబరు 30, తెల్లవారుజాము. దీపావళికి ఇంకా నాలుగు రోజులు. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు ఏసీ బస్సు వస్తోంది. పండగకు ఇంటికెళ్తున్న ఉద్యోగాల పిల్లలు, సంసారాలు. అందరూ నిద్రలో ఉన్నారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కల్వర్టును ఒరుసుకుంది, డీజిల్ ట్యాంకు అంటుకుంది. 45 మంది పోయారు. ఆ ఉదయం టీవీలో చూసినవాళ్లం, ఆ ఇనుప చట్రాన్ని మర్చిపోలేం. తల్లులూ తండ్రులూ వచ్చి నిలబడ్డారు. చూడటానికి ఏమీ లేదు, చూసినా చెప్పడానికి ఏమీ లేదు. రక్తం ఇచ్చి డీఎన్‌ఏ ఫలితాల కోసం ఎదురుచూశారు. పన్నెండేళ్లకు, 2025 అక్టోబరులో, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్లీ అదే. మళ్లీ రాత్రి బస్సు, మళ్లీ రక్తనమూనాలు, మళ్లీ ఎదురుచూపు.

డీఎన్‌ఏ గొప్పది, దాన్ని తక్కువ చెయ్యను. బాగా కాలిన శవంలో ఆ డీఎన్‌ఏ కోసం కూడా చాలాసార్లు దవడ పన్నునే తీస్తారు, లోపలి గుజ్జుకు ఆ పన్నే కోట. కానీ దానికి ప్రయోగశాల కావాలి, రోజులు కావాలి, పోల్చడానికి దగ్గరి రక్తం కావాలి. అమ్మా నాన్నా పిల్లలూ ఒకే బస్సులో వెళ్లినప్పుడు ఆ రక్తం కోసం దూరపు చుట్టాల దాకా పోవాలి. పళ్ల కార్డుంటే, పక్కన పెట్టి చూడటానికి ఒక గంట. ఆ బస్సుల్లో వెళ్లిన పాతిక ముప్ఫై ఏళ్ల పిల్లల్లో క్లిప్పులు పెట్టించుకున్నవాళ్లు, రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు! ఒక్కొక్కరికీ ఎక్స్‌రే తీసే ఉంటారు. అవెక్కడున్నాయని వాళ్ల అమ్మల్ని అడిగితే ఏం చెప్పగలరు?

నా సంగతే చెబుతాను. ఎనిమిదేళ్ల కిందట మా ఊళ్లో ఒక క్లినిక్‌లో నా ఎడమ దవడ పంటికి రూట్ కెనాల్ చేశారు. పని బాగానే చేశారు. కిందటేడాది అదే పన్ను సలుపు మొదలుపెడితే వెళ్లి, నా పాత ఎక్స్‌రే ఒకసారి చూపించమన్నాను. డాక్టరు మారిపోయారు. కౌంటరులో కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, “పాతవేం లేవండీ. మొన్న సున్నం వేసేటప్పుడు కాగితాలన్నీ తూకానికి ఇచ్చేశాం.” కంప్యూటర్లో లేదా అంటే, అది కూడా మార్చేశామన్నాడు. ఇంట్లో వెతికాను. మందుల చీటీ ఒకటి దొరికింది. దాని మీద డాక్టరుగారి చేతిరాతలో 36 అనే అంకె ఒక్కటే ఉంది. పక్కన నా పేరు సగమే ఉంది, ఇంటిపేరు లేదు. అలాంటి సగం పేరున్నవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

ఆ చీటీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోపం ఆ కుర్రాడి మీద కాదు. గదిలో చోటు లేకపోతే పాత కాగితాలే ముందు పోతాయి, ఏ ఇంట్లోనైనా అంతే. పెళ్లిళ్ల ఆల్బమ్‌లు బీరువాలో దాచుకుంటాం, నోటి ఎక్స్‌రే కవరు మాత్రం బస్సు దిగేలోపే పారేస్తాం. పళ్ల కార్డు అంటే డాక్టరుగారి లెక్కల పుస్తకం అనుకుంటాం. అది మన ముఖానికి జిరాక్సు అని మనకెవరూ చెప్పలేదు. నాన్నగారి కట్టుడు పళ్లు ఆయన పోయాక నా దగ్గరే ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో. గులాబీ రంగు చిగురు లోపలివైపు, నాలుక తగిలే చోట, గోరంత కాగితం మీద పేరు రాసి అతికించి పైన పారదర్శకమైన పూత పూయొచ్చని ఈ మధ్యే చదివాను. చాలా సులువైన పని, ఖర్చు లేనిది. ఆయన పళ్లను తిప్పి చూశాను. ఏమీ లేదు.

పోయిన వారం కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కుర్చీ వెనక్కి వాల్చి, లైటు ముఖం మీదికి దించి, అద్దం లోపల పెట్టింది. ఆ 36 గురించి వచ్చానని చెప్పాను. ఒక్కటే చూస్తే సరిపోదండీ, అన్నీ చూసి రాసుకుందాం అంది. నేను అడగకుండానే! అసిస్టెంటు అమ్మాయి అట్ట మీద ఒక కాగితం పెట్టుకుని పక్కన నిలబడింది. కాగితం మీద పళ్లు వరసగా అచ్చువేసి ఉన్నాయి, ఒక్కోటీ అయిదు గడులుగా.

“18, లేదు. 17, బానే ఉంది. 16, పైన సిమెంటు. పాతది, వెండి రంగు.”

అమ్మాయి రాస్తోంది. పెన్ను గీసిన చప్పుడు వినపడుతోంది. డాక్టరమ్మ కుడి పై పళ్లు ముగించి, ముందు పళ్ల మీదుగా ఎడమకు వచ్చింది. 21 అంచు కాస్త విరిగిందంది. ఎనిమిదో క్లాసులో కబడ్డీలో విరిగింది, నేనే మర్చిపోయాను. నోరు తెరిచి ఉంది గనక చెప్పలేకపోయాను. అమ్మాయి అది కూడా గీసింది. 25, 26, 27. కిందికి దిగింది. 36 దగ్గర ఆగి, పుల్లతో తట్టి, రూట్ కెనాల్ చేశారు గానీ క్యాపు వెయ్యలేదు, వెనక గోడ చిట్లింది, ఎక్స్‌రే తీద్దాం అంది. తీశారు. తెర మీద నా పన్ను వేళ్లు, వాటిలో తెల్లటి గీతలు. ఒక వేరు చివర కొంచెం వంగి ఉంది. ఆ వంపు ఇంకెవరికీ ఉండదని తెలిసి చూస్తుంటే, నా చేతిరాతని మొదటిసారి చూసుకున్నట్టు అనిపించింది.

లేచి నోరు పుక్కిలించి, కర్చీఫుతో తుడుచుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాను. ఆ అమ్మాయి కాగితాన్ని గట్టి అట్ట ఫైల్లో పెడుతోంది. సొరుగు సగం తెరిచి ఉంది. లోపల అలాంటివే వరసగా, అక్షరాల క్రమంలో.

“పూర్తి పేరు చెప్పండి సార్.”

చెప్పాను.

“ఇంటిపేరు?”

అదీ చెప్పాను. అక్షరం అక్షరం అడిగి రాసుకుంది.

“పుట్టిన తారీఖు కూడా చెప్పండి సార్. ఇదే పేరుతో ఇంకొకాయన ఉన్నారు.”

తారీఖు చెప్పాను. రాసి, ఒకసారి పైకి చదివి వినిపించి, సొరుగులో పెట్టి మూసింది.